అంటువ్యాధి దినములలో పంచాయతీ మాట: కొండ ఊళ్లు నేర్పిన పాఠము

ఊరిలో అంటువ్యాధి పొడసూపినప్పుడు పంచాయతీ చేయవలసిన పనులు అనేకములు కలవు. వీధులు శుభ్రపరుపవలెను. మంచినీటిలో మందు కలిపింపవలెను. రోగులను ఆసుపత్రికి చేర్పవలెను. ఈ పనులలో మన సభ్యులకు కొంత అనుభవము కలదు. కాని వీటన్నిటికంటె ముందుగా చేయవలసిన పని మరియొకటి ఉన్నది. జరిగిన సంగతిని జరిగినట్లుగా, ఆలస్యము చేయక, అందరికిని బోధపడు మాటలలో ప్రజలకు తెలియజేయుటయే ఆ పని. దీనికి నిధులు అక్కరలేదు, పై అధికారుల మంజూరు అక్కరలేదు. అయినను ఇదియే మిక్కిలి కష్టమైన పని యని 2020లో ప్రపంచమంతట వ్యాపించిన కరోనా మహమ్మారి రుజువు చేసినది.

కష్టమెందువలన? చెడువార్త చాటించినచో ఊరికి వచ్చువారు రారు; రానిచో వ్యాపారము సాగదు. ప్రత్యేకించి, బయటి నుండి వచ్చు యాత్రికులపై ఆధారపడి బ్రదుకు ఊళ్లలో ఈ భయము హెచ్చు. ఒక రోజు ఆగి చూతము, ఇంకొక రోజు ఆగి చూతము అనిపించును. ఆ ఒక రెండు రోజులలోనే వ్యాధి ఊరు దాటిపోవును. ఇట్టి ఊళ్లు మూడింటి కథను ఇచ్చట వివరించుచున్నాము. మూడును కొండల నడుమ నున్న ఊళ్లే. మూడును అతిథులను నమ్ముకొన్నవే. ఒక ఊరి విషయమున ఆలస్యము జరిగినది. ఒక ఊరు ముందుగా మేలుకొన్నది. ఒక ఊరు మన దేశములోనిది. వీటినుండి మన పంచాయతీలు గ్రహింపదగిన దేమో విచారింతము.

ఇష్గల్: కొన్ని దినముల ఆలస్యము

ఐరోపా ఖండమున ఆస్ట్రియా దేశములో టిరోల్ అను పర్వత ప్రాంతము కలదు. అందు పాజ్నౌన్ అను లోయలో ఇష్గల్ అను గ్రామమున్నది. జనాభా సుమారు 1,600. మన పంచాయతీలలో చాలవాటికంటె చిన్న ఊరు. కాని శీతకాలము వచ్చినచో, కాళ్లకు పొడవైన పలకలు కట్టుకొని మంచుపై జారు స్కీయింగ్ క్రీడ కొరకు అనేక దేశములనుండి వేలకొలది జనము అచ్చటికి వత్తురు. పగలు కొండపై ఆట, సాయంకాలము మద్యశాలలలో విందు. ఊరి కుటుంబములన్నియు దాదాపుగా ఈ అతిథులవలననే జీవించుచున్నవి.

2020 ఫిబ్రవరి 29న ఐస్‌లాండ్ దేశమునకు తిరిగి వెళ్లిన విమాన ప్రయాణికులలో కొందరికి కరోనా సోకినట్లు అచ్చటి వైద్యులు కనుగొనిరి. వారిలో పెక్కురు ఇష్గల్‌లో గడపి వచ్చినవారు. ఆ ప్రభుత్వము ఈ సంగతిని ఆస్ట్రియాకు తెలిపి, మార్చి 5న ఇష్గల్‌ను ప్రమాద ప్రాంతముగా ప్రకటించినది. అదే దినమున టిరోల్ అధికారులు ఒక ప్రకటన చేసిరి. ఆ ప్రయాణికులకు వ్యాధి విమానములోనే సోకి యుండునని అందు చెప్పబడెను. మార్చి 7న ఇష్గల్‌లోని ఒక మద్యశాలలో పనిచేయు వ్యక్తికి వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ యయ్యెను. మరునాడు వెలువడిన ప్రకటనలో, అచ్చటి అతిథులకు వ్యాధి సోకుట వైద్యదృష్టితో చూడగా అంతగా సంభావ్యము కాదని ఉండెను. 9వ తేదీన ఆ ఒక్క మద్యశాల మూతపడెను. 10వ తేదీన తక్కినవియు మూయుటకు ఆజ్ఞ యయ్యెను. కాని మంచుకొండపైకి జనమును చేరవేయు లిఫ్టులు ఇంకను నడచుచునే యుండెను.

మార్చి 13వ తేదీ మధ్యాహ్నము దేశ ప్రధాని స్వయముగా, పాజ్నౌన్ లోయను తత్‌క్షణమే దిగ్బంధము చేయుచున్నట్లు ప్రకటించెను. ఎవరు ఉండవలెనో, ఎవరు పోవలెనో, ఏ దారిన పోవలెనో ముందుగా ఏర్పాటు లేదు. వార్త విన్న అతిథులు సామానులు చేతబట్టుకొని పరుగులు తీసిరి. ఇరుకు లోయలో ఉన్నది ఒకటే దారి. కార్లు, బస్సులు బారులు తీరినవి. తమ దేశములకు పోవలసిన విదేశీయులు కొందరు దారిలోని ఊళ్లలో రాత్రి బస చేసిరి. ఇట్లు వ్యాధి వారి వెంట అనేక దేశములకు పోయెను. తరువాత ఒక వినియోగదారుల సంఘమును ఆశ్రయించినవారి సంఖ్య 6,000కు మించెను.

దిగ్బంధము ఏప్రిల్ 23 వరకు సాగినది. ఏప్రిల్ మాసాంతమున ఇన్స్‌బ్రుక్ వైద్య విశ్వవిద్యాలయమువారు గ్రామస్థుల రక్తమును పరీక్షింపగా, 100 మందిలో 42 మందికి వ్యాధి వచ్చి పోయిన గుర్తులు కనిపించినవి. వారిలో అధిక సంఖ్యాకులకు తమకు ఆ వ్యాధి వచ్చినదనియే అంతకుముందు తెలియదు. ఇది మనము జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి. వ్యాధి ఊరిలో ఎంత వ్యాపించినదో కంటికి కనిపించు రోగులను బట్టి తెలియదు. కనిపించువారు కొందరైన, కనిపించనివారు అంతకు ఎన్నో రెట్లు ఉందురు.

ఈ వ్యవహారముపై నియమింపబడిన నిపుణుల సంఘము 2020 అక్టోబరులో తన నివేదిక నిచ్చినది. తొలి ప్రకటనలలో చెప్పిన మాట నిజము కాదనియు, లిఫ్టులను కొన్ని దినములు ముందుగానే నిలుపవలసి యుండెననియు, ఏర్పాట్లు లేకుండ దిగ్బంధమును ప్రకటించుట పొరపాటనియు ఆ సంఘము అభిప్రాయపడినది. నేర విచారణ మాత్రము ఎవరిపైనను అభియోగము లేకుండ 2021లో ముగిసినది. ఎవరు దోషులని మనమిచ్చట నిర్ణయింపబోవుట లేదు. మనకు కావలసినది పాఠము. కొన్ని దినముల రాబడి పోవునన్న సంకోచమున్నచోట, మరుసటి శీతకాలమంతయు, అనగా 2020-21లో, ఆ లిఫ్టులు తెరువబడలేదు. దేశమంతటి నిర్బంధములును ఇందుకు కారణమే. అయినను ఊరి పేరునకు తగిలిన దెబ్బ వేరు. మాట దాచినందువలన బ్రదుకుతెరువు దక్కదు; ఊరి పేరుతో కూడ అదియు పోవును.

గన్నిసన్: రెండు మహమ్మారుల అనుభవము

అమెరికాలో కొలరాడో రాష్ట్రమున రాకీ పర్వతముల నడుమ గన్నిసన్ కౌంటీ ఉన్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటి స్థానిక పరిపాలనా విభాగము. గన్నిసన్ పట్టణము సముద్ర మట్టమునకు సుమారు 7,700 అడుగుల ఎత్తున గలదు. దానికి ఎగువన క్రెస్టెడ్ బ్యూట్ అను ప్రసిద్ధ మంచుక్రీడా స్థలమున్నది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమును కబళించుచున్న దినములలో గన్నిసన్ ప్రజలు ఒక సాహసోపేతమైన నిర్ణయము గైకొనిరి. వ్యాధి ఇంకను తమ ఊరు చేరకముందే రహదారులకు అడ్డుకట్టలు వేసిరి. రాత్రివేళ కనిపించుటకై వాటికి లాంతరులు కట్టిరి. మోటారులో వచ్చువారు ఆగక సాగిపోవలెనని, ఆగినచో నిర్బంధవాసమున ఉండవలెనని బోర్డులు పెట్టిరి. రైలు దిగినవారిని కొన్ని దినములు వేరుగా ఉంచిరి. నియమము మీరినవారిని ఖైదులో పెట్టిరి. ఈ నియమములన్నియు స్థానిక వార్తాపత్రికలో ప్రచురింపబడినవి. అందుచేత బయటివారికి సైతము తెలియక చిక్కుకొను ప్రమాదము తగ్గెను. 1919 ఫిబ్రవరి వరకు ఈ కట్టుబాటు సాగినది. చుట్టుపట్ల ఊళ్లు అల్లాడిపోయిన ఆ విడతలో గన్నిసన్ దాదాపుగా క్షేమముగా బయటపడినది. కట్టుబాటు తీసివేసిన తరువాత వసంతకాలమున వ్యాధి ఆ ఊరికిని రాకపోలేదు. కాని తొలి ఉధృతి తప్పినది. దాదాపు ఒక శతాబ్దము గడచిన పిమ్మట మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆనాడు తప్పించుకొన్న కొలది ఊళ్లలో గన్నిసన్‌ను ఒకటిగా గుర్తించి అధ్యయనము చేసిరి.

102 ఏండ్లు గడచినవి. 2020 మార్చిలో అదే కౌంటీలో పరిస్థితి తలక్రిందయ్యెను. ఈసారి వ్యాధి మంచుక్రీడలకు వచ్చిన అతిథులతో పాటుగా ముందే వచ్చి చేరినది. సుమారు 17,000 జనాభా గల ఆ కౌంటీ, జనసంఖ్య నిష్పత్తిని బట్టి చూడగా, అమెరికాలో వ్యాధి మిక్కిలి ఎక్కువగా నున్న ప్రాంతములలో ఒకటిగా నిలిచెను. అచ్చటి ఆసుపత్రి చిన్నది. పడకలు రెండు డజన్లు మాత్రమే. పెద్ద ఆసుపత్రికి పోవలెనన్న కనుమలు దాటి పోవలెను. మార్చి 14న రాష్ట్ర గవర్నరు మంచుక్రీడా స్థలములన్నిటిని మూసివేయ నాజ్ఞాపించెను. పిమ్మట కౌంటీ ఆరోగ్యాధికారి, స్థిరనివాసులు కానివారందరు వెడలిపోవలెనని ఉత్తరువు వెలువరించిరి. అచ్చట విడిది ఇండ్లు కట్టుకొన్న ధనవంతులకును ఈ ఉత్తరువు వర్తించెను. ఉల్లంఘించువారికి జరిమానాయు, జైలుశిక్షయు గలవని కూడ చెప్పబడెను.

దీనిపై వివాదము చెలరేగినది. మేము పన్ను కట్టుచున్నాము, ఇల్లు మాది, మమ్ము పొమ్మనుటకు మీరెవరని విడిది ఇండ్లవారు ప్రశ్నించిరి. వారిలో టెక్సస్ రాష్ట్రమువారు అనేకులు. ఏప్రిల్ 9న టెక్సస్ ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి కార్యాలయము, ఈ ఉత్తరువు రాజ్యాంగ విరుద్ధమని కౌంటీకి లేఖ వ్రాసినది. ఇందలి న్యాయాన్యాయములు రెండువైపులను కలవు. తన సొంత ఇంటిలో నుండు హక్కు చిన్నది కాదు. 24 పడకల ఆసుపత్రిని నమ్ముకొన్న 17,000 మంది ప్రాణములును చిన్నవి కావు. కౌంటీవారు ఆ ఉత్తరువునకు కారణములను వ్రాతలో చూపిరి. మినహాయింపు కోరుకొనుటకు మార్గమును ఉంచిరి. వ్యాధి తగ్గుముఖము పట్టగానే ఆ వేసవి ఆరంభమునకు నిషేధమును తొలగించిరి.

తరువాతి కాలమున గన్నిసన్‌వారు మరియొక మంచి పద్ధతి అవలంబించిరి. వ్యాధి ఉధృతిని బట్టి రంగులు మారు ఒక సూచికను ఏర్పరచి, దానికి కరోనామీటర్ అని పేరిడిరి. ఏ రంగు ఉన్నప్పుడు అంగళ్లు ఎట్లు నడుపవలెనో, ఎందరు గుమికూడవచ్చునో ముందుగానే నిర్ణయింపబడెను. ఈనాడు రంగు ఏది యని చూచుకొన్న చాలును, దుకాణదారునకును, అతిథికిని తన కర్తవ్యము తెలియును. రేపు నియమములు మారినను, అవి ఎందువలన మారినవో అర్థమగును. ఎవరో ఇష్టానుసారము మార్చినారన్న అపోహకు తావుండదు.

లాహౌల్: మన దేశపు అనుభవము

ఇక మన దేశమునకు వత్తము. హిమాచల ప్రదేశ్‌లో లాహౌల్-స్పితి జిల్లా అతిశీతల పర్వత ప్రాంతము. 2020 జూన్‌లో స్పితి లోయలోని కాజా అను ఊరికి ఆ నియోజకవర్గ శాసనసభ్యుడును, రాష్ట్ర మంత్రియు నైనవారు వచ్చిరి. స్థానిక మహిళా సంఘముల స్త్రీలు దారి కడ్డముగా నిలిచి, బయటినుండి వచ్చు ప్రతివారును నిర్బంధవాసము పాటింపవలెనని మేము కట్టుబాటు చేసికొన్నాము, మంత్రిగారైనను అంతే యనిరి. తరువాత ఆ స్త్రీలపై కేసులు నమోదైనవి. వారి కట్టుబాటు వెనుక నున్న భయము నిజమైనది. కాని ఊరి కట్టుబాటునకు చట్టబలము లేనప్పుడు అది ఘర్షణకు దారితీయునని ఈ సంఘటన తెలుపుచున్నది. రాకపూర్వమే జిల్లా అధికారులతో మాట్లాడి, వ్రాతమూలముగా ఒక నియమము చేయించుకొని యున్నచో, ఆ స్త్రీలు దారిలో నిలువవలసిన పని యుండెడిది కాదు.

అదే సంవత్సరము అక్టోబరు 3న అటల్ సొరంగము ప్రారంభమై, లాహౌల్‌కు యాత్రికుల రాక ఒక్కసారిగా పెరిగినది. నవంబరులో థోరంగ్ అను చిన్న గ్రామమున మిగిలియున్న 42 మందిని పరీక్షింపగా, ఒక్కరు తప్ప అందరికిని వ్యాధి సోకినట్లు తేలినది. అంతకు కొలది దినములకు పూర్వము గ్రామస్థులు ఒక పూజాకార్యమునకు కూడియుండిరి. అధికారులు వెంటనే సొరంగము ఆవలి కొసకు మించి యాత్రికులను పోనీయక నిలిపివేసిరి. వచ్చువారిని గూర్చి ఎంత జాగ్రత్త కావలెనో, మనలో మనము కూడుటను గూర్చియు అంత జాగ్రత్త కావలెనని థోరంగ్ చెప్పుచున్నది.

మన గ్రామములకు ఈ పాఠము ఎట్లు వర్తించును?

మా ఊరు కొండపై లేదు, మంచు లేదు, మాకేల ఈ కథలు అని కొందరు సభ్యులు తలంపవచ్చును. అరకులోయకు, లంబసింగికి చలికాలమున వచ్చు జనమును చూచినవారు అట్లనరు. కొండలు లేని ఊరికైనను జాతర ఉన్నది, వారపు సంత ఉన్నది, తిరునాళ్లు ఉన్నవి. పట్టణములలో పనిచేయుచు పండుగకు ఇల్లు చేరు మన బిడ్డలు ఉన్నారు. బయటివారు రాని ఊరు లేదు.

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు మన తెలుగుసీమలలో ఏమి జరిగినదో ఇంకను మరువలేదు. హైదరాబాదు వసతిగృహములనుండి అనుమతి పత్రములతో బయలుదేరిన యువకులు, యువతులు ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు వద్ద గంటల తరబడి నిలిచిపోయిరి. ఎన్నో గ్రామములవారు ఊరి మొదట ముళ్లకంపలు, దుంగలు అడ్డము వేసికొనిరి. అది భయమువలన చేసిన పని. కాని ఆ కంప అడ్డము వలన నొప్పులు పడుచున్న గర్భిణి ఆసుపత్రికి ఎట్లు పోవలెను? పాలబండి ఎట్లు రావలెను? కంప వేయుటకు ముందు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల సంస్థ గ్రామమున పంచాయతీ యొక్కటే.

ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము మన రాజ్యాంగము 11వ షెడ్యూలులోని 29 విషయములలో చేరియున్నవి. రాకపోకలను నిలుపు అధికారము మాత్రము 1897 నాటి అంటువ్యాధుల చట్టము, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టముల క్రింద ప్రభుత్వమునకును, జిల్లా కలెక్టరుకును చెందినది. కాబట్టి దారి మూయుట పంచాయతీ పని కాదు. కాని ఆ అవసరమును కలెక్టరునకు సకాలమున తెలుపుట, వెలువడిన ఉత్తరువును ఇంటింటికి చేర్చుట పంచాయతీ పనియే.

చాటింపు ఎట్లుండవలెను?

దండోరా వేయించుట మనకు కొత్త కాదు. నేడు మైకు ఉన్నది, నోటీసుబోర్డు ఉన్నది, చేతిలో ఫోను ఉన్నది. సాధనము ఏదైనను, చాటింపులో ఐదు సంగతులు ఉండవలెను. ఒకటి, మనకు తెలిసినదేమి? రెండు, ఇంకను తెలియనిదేమి? మూడు, ఈ దినమున ప్రజలు చేయవలసినదేమి? నాలుగు, సందేహమున్నచో ఎవరిని అడుగవలెను? ఐదు, మరల చాటింపు ఎప్పుడు? ఇష్గల్ విషయమున లోపించినది ఈ రెండవ సంగతియే. తెలియనిదానిని తెలియదని చెప్పక, ప్రమాదము లేదని చెప్పిరి. తెలియదని చెప్పిన పంచాయతీని ప్రజలు క్షమింతురు. లేదని చెప్పి ఉన్నదని తేలినచో మరల నమ్మరు.

మాదిరికి ఒక చాటింపును వ్రాయుచున్నాము:

“గ్రామ ప్రజలకు పంచాయతీ తెలియజేయునది. నిన్న మన ఊరిలో ఇద్దరికి జ్వరము పరీక్షలో అంటువ్యాధిగా తేలినది. వారు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంకెందరికి సోకినదో ఇప్పుడు తెలియదు. రేపటి నుండి పరీక్షలు జరుగును. ఈ వారము సంత జరుగదు. దగ్గు, జ్వరము ఉన్నవారు ఇల్లు కదలక ఆశా కార్యకర్తకు కబురు చేయవలెను. బసలలో ఉన్న అతిథులు భయపడి పరుగెత్తవలదు. వారికి పరీక్షలు జరిపించి, ప్రయాణపు ఏర్పాటు చేయబడును. మరల రేపు సాయంకాలము 6 గంటలకు చాటింపు ఉండును.”

ఇందులో రోగుల పేర్లు లేవని గమనింపుడు. పేరు చాటించినచో ఆ కుటుంబమునకు నీరు ఇచ్చువారు కూడ ఉండరు. ఆ భయమున తక్కినవారు తమ జ్వరమును దాచుకొందురు. గిరిజన గ్రామములలో కువి, ఆదివాసి ఒడియా మొదలగు ఇంటి భాషలలో కూడ చాటింపు వేయింపవలెను. చదువురానివారికై రంగు జెండా నుపయోగించుట గన్నిసన్ పద్ధతి ననుసరించి మనకును సులభమే.

మరియొక ముఖ్యవిషయము. నిషేధమును ప్రకటించుటకు ముందు ఏర్పాటు జరుగవలెను. బస్సులు సిద్ధముగా ఉన్నవా? బసలలో ఎందరున్నారో జాబితా ఉన్నదా? దినకూలితో బ్రదుకు గుఱ్ఱపువారికి, వెదురు బొంగులో కోడి కూర వండి అమ్మువారికి, గదులు ఊడ్చు స్త్రీలకు ఆ వారము బియ్యము ఎట్లు అందును? వీరి ఆకలికి దారి చూపక సంతను మూసినచో, వారు చాటుగా వ్యాపారము చేయుదురు. వ్యాధి చాటుగా పెరుగును. వ్యాధి నివారణయు, బ్రదుకుతెరువును ఒకదానికొకటి శత్రువులు కావు. రెండింటికి కలిపి ఒకే నిర్ణయము చేయవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ఆ వ్యాధి ఉధృతి తీరినది. కాని అంటువ్యాధులు తీరలేదు. గన్నిసన్‌లో 1918 తరువాత 2020 వచ్చినట్లే, మన ఊరికి మరియొకటి రావచ్చును. అది వచ్చినప్పుడు ఆలోచింతమన్నచో ఆలస్యమగును. శాంతముగా నున్న ఈ దినములలోనే సిద్ధపడవలెను.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పంచాయతీ పరిధిలో బయటివారు ఎక్కువగా వచ్చు దినము లేవి? ఆ దినములలో ఎందరు వత్తురు?

2. ఊరిలోని బసలు, వసతిగృహముల యజమానుల జాబితాయు, ఫోను నంబరులును పంచాయతీ కార్యదర్శివద్ద ఉన్నవా?

3. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పడకలు ఎన్ని? అచ్చటినుండి పెద్ద ఆసుపత్రికి పోవుటకు ఎంతసేపు పట్టును? వాన కాలములో ఆ దారి ఉండునా?

4. చాటింపు వినపడని పేటలు, తండాలు, గూడెములు ఎన్ని? అచ్చటికి మాట చేర్చువారు ఎవరు?

5. సంత ఒక నెల నిలిచినచో ముందుగా ఆకలికి గురియగు కుటుంబము లేవి?

రాబోవు గ్రామసభలో ఈ ఐదు ప్రశ్నలను చదివి, జవాబులను పుస్తకమున వ్రాసి యుంచుడు. ఆ పుస్తకమే రేపు వ్యాధి వచ్చిన నాడు మీకు దారి చూపును. ఊరి పెద్దలు చెప్పిన మాట నిజమని నమ్మిన ప్రజ, కష్టమైన కట్టుబాటునైనను పాటించును. ఆ నమ్మకము ఒక్కరోజున కలుగదు. మామూలు దినములలో నీటిపంపు మరమ్మతు గూర్చియు, ఇంటి పన్ను గూర్చియు నిజము చెప్పుచు వచ్చిన పంచాయతీకే అది లభించును.